నెల్లూరు నుంచి కొత్తపట్నం దాకా: నాలుగు టైర్లు, నాలుగు అంకెలు

తెల్లవారుజామున 5 గంటలకు నెల్లూరు రంగనాయకులపేటలో బండి తీయబోయే ముందే చేతి గేజితో గాలి చూశాను. రోహిణి కార్తె. ఎండెక్కాక చూస్తే ఆ అంకెకు అర్థం మారిపోతుంది. బండి కనీసం 3 గంటలు కదలకుండా ఉన్నాక చూసిందే చల్లటి టైరు లెక్క. డ్రైవరు డోరు తీస్తే ఫ్రేము మీద కనిపించే స్టిక్కరు చెప్పేదీ అదే. టైరు పక్కగోడ మీద అచ్చేసి ఉండేది గరిష్ఠ పరిమితి, దాన్ని చూసి గాలి పట్టించకూడదు. మా చిన్న ఎస్‌యూవీకి ముందూ వెనకా 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), ఐదుగురూ సామానూ ఉంటే వెనక 36. పోయేది ఇద్దరమే కాబట్టి నాలుగింటికీ 33 పెట్టాం.

డాష్‌బోర్డులో ఒక్కో టైరు గాలి అంకె కనపడుతుంటే గేజి ఎందుకంటారా? బండి ఆగి ఉన్నప్పుడు చక్రాల్లోని సెన్సార్లు నిద్రపోతాయి. వాటి బ్యాటరీ మార్చే వీలు లేకుండా సీలు చేసి ఉంటుంది, అయిదు నుంచి పదేళ్లు రావాలి మరి. వేగం 25, 30 కిలోమీటర్లు అందుకున్నాకే కొత్త లెక్క పంపుతాయి. ఆగి ఉన్న బండి చూపించేది చాలాసార్లు నిన్నటి అంకె.

సందులోంచి వెనక్కి తీయడం మొదటి పరీక్ష. వెనక బంపరులోని పార్కింగు సెన్సార్లు మన చెవికి వినపడని శబ్దాన్ని వదిలి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో కొలుస్తాయి. మీటరు దూరంలో గోడ ఉంటే అది సెకనులో వెయ్యోవంతులు ఆరు. ఒకటిన్నర మీటరు దగ్గర బీప్ మొదలవుతుంది, సుమారు 30 సెంటీమీటర్లకు వచ్చేసరికి ఆగకుండా మోగుతుంది. మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక సెన్సార్లు తప్పనిసరి. కానీ అవి చూసేది ఎదురుగా నిలబడ్డ వస్తువునే. పాత పేటల్లో మూత లేని సైడు కాలువలో చక్రం దిగబోతుంటే ఒక్క బీపూ రాదు, గుంట నుంచి ప్రతిధ్వని రాదు కదా. సన్నటి ఇనుప చువ్వ, బట్టలు ఆరేసిన తాడు, బంపరు కంటే కిందున్న రాయి, శబ్దాన్ని మింగేసే గడ్డిమోపు, ఇవీ అంతే. తోడున్న మనిషి కిందికి దిగి కాలువ పక్కన నిలబడటమే దానికి మందు.

పెన్న దాటి కోవూరు మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. అసలు సంగతి ముసునూరు టోల్‌గేటు దగ్గర బయటపడింది. కుడివైపు రెండూ 36, ఎడమ ముందుది 35, ఎడమ వెనకది 33.

ఈ 33ను చూసి సరిగ్గానే ఉందనుకుంటే పొరపాటు. హైవే మీద గంటసేపు నడిచిన టైరు వేడెక్కి 3, 4 పీఎస్ఐ పెరగాలి. పది డిగ్రీల వేడికి ఒకటిన్నర, రెండు పెరగడం మామూలే. మిగతా మూడూ పెరిగి ఇదొక్కటే పెరగలేదంటే, పెరగాల్సినంతా ఎక్కడినుంచో బయటికి పోతోందన్నమాట. కుడి టైర్లు ఒక పీఎస్ఐ ఎక్కువ చూపడం మాత్రం జబ్బు కాదు. పొద్దున ఉత్తరానికి పోతుంటే ఎండ కుడి పక్కనే పడుతుంది. సాయంత్రం దక్షిణానికి తిరిగొస్తే పడమటి ఎండ మళ్లీ కుడి పక్కకే. ఈ రోడ్డు మీద కుడి టైర్ల రాత అది!

ఉలవపాడు మామిడి అంగళ్ల ముందు ఆగేసరికి ఆ టైరు 31. గుర్రపునాడా ఆకారంలో ఆశ్చర్యార్థకం ఉండే పసుపు దీపం ఇంకా వెలగలేదు. సాధారణంగా స్టిక్కరు లెక్కకు పాతిక శాతం తగ్గాకే అది వెలుగుతుంది, అంటే మాకు దాదాపు 25 దగ్గర. అప్పటిదాకా పక్కగోడ అటూ ఇటూ ఎక్కువగా వంగుతూ లోపల వేడి పెంచుకుంటుంది. ఎండల్లో టైర్లు పేలడానికి గాలి ఎక్కువవడం కన్నా తక్కువవడమే తరచూ కారణం. దీపం కోసం కాచుకోకుండా నాలుగు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడమనేది అందుకే. అంకెలు లేకుండా దీపం ఒక్కటే ఉన్న కార్లూ ఉన్నాయి. వాటిలో చాలావాటికి చక్రాల్లో సెన్సారే ఉండదు. గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదై వేగంగా తిరుగుతుంది కాబట్టి, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) కొలిచే చక్రాల వేగంతో దాన్ని పట్టుకుంటాయి. నాలుగింటిలోనూ సమానంగా గాలి తగ్గితే ఆ పద్ధతికి దొరకడం కష్టం. గాలి పట్టించిన ప్రతిసారీ రీసెట్ చేయాలి, అదీ గాలి సరిచేశాకే. తక్కువ గాలితో రీసెట్ నొక్కితే ఆ తక్కువనే సరైనదని నేర్చుకుంటుంది.

60 దాటకుండా సింగరాయకొండ చేరి పంక్చరు షాపులో ఆపాం. సబ్బునీళ్లు చల్లగానే ట్రెడ్ (రోడ్డుకు ఆనే భాగం) మధ్యలో బుడగలు. మేకు.

"టైరు ఊడదీయాల్నా అన్నా?"

"వద్దులే తమ్ముడూ, స్ట్రిప్పు చాలు."

ట్రెడ్‌లో సన్నటి రంధ్రమైతే బయటినుంచే స్ట్రిప్పు, అంటే జిగురు రబ్బరు తాడు, దూర్చవచ్చు, లోపలి సెన్సారు జోలికి పోయే పని లేదు. పక్కగోడలో అయితే స్ట్రిప్పు పనికిరాదు. లోపల ప్యాచి వేయించాల్సి వస్తే ముందే చెప్పాలి, వాల్వు మొదట్లో సెన్సారు ఉంది, ఆ పక్క మెషీను నొక్కొద్దని. చెప్పకపోతే విరిగేది అక్కడే. పంక్చరు ద్రవాలు పోసినా సెన్సారు రంధ్రం పూడుకుపోవచ్చు. దీపం నిమిషం పైగా మిణుకుమని ఆ తర్వాత నిలబడితే అది గాలి తక్కువ కాదు, సెన్సారు మాట వినపడట్లేదని. సెన్సారు లేని స్టెప్నీ బిగించినా అంతే.

రిపేరయ్యాక 33 పట్టిస్తానన్నాడు. టైరు ఇంకా వేడిగా ఉంది కాబట్టి వద్దన్నాను, వెనక కుడిదానితో సమానంగా 36 పెట్టించాను. వేడి టైరులో 33 పెడితే రేపు పొద్దునకు 30కి దిగుతుంది. అదే కారణంగా ఎండలో 37 కనపడిందని గాలి వదలకూడదు. నైట్రోజన్ పట్టిస్తే ఈ పెరుగుదల ఉండదని కొందరంటారు గానీ, మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజన్.

ఒంగోలులో దానంతట అదే స్టీరింగు తిప్పే పార్కింగు అసిస్టుకు పనిచెప్పాను. బటను నొక్కి, ఆగి ఉన్న కార్ల వరసకు మీటరు దూరంలో మెల్లగా పోతే, బండి పొడవు మీద ఇంకో మీటరు ఖాళీ దొరికినచోట ఆపమంటుంది. గేరూ బ్రేకూ మనవే. దానికి రెండు పెద్ద బండ్లు హద్దుగా కావాలి. మన ఊళ్లలో ఆ మధ్యలో రెండు బైకులు ఏటవాలుగా దూరి ఉంటాయి. మూడుసార్లు వెతికించి, అద్దాలు చూసుకుంటూ నేనే పెట్టుకున్నాను.

కర్నూలు రోడ్డులో చీమకుర్తి దాకా పోయొచ్చాం, బ్లాక్ గెలాక్సీ గ్రానైటు క్వారీల కోసం. అక్కడ రాయి లారీల వెనక పార్కింగు పెడితే సెన్సారును నమ్మొద్దు. లారీ తొట్టి మన బంపరు కన్నా ఎత్తు, శబ్దం దాని కిందినుంచి పోయి చక్రాన్ని తాకి వస్తుంది. మీటరు ఖాళీ ఉందని అది చెప్పేసరికి మన వెనక అద్దం తొట్టికి ఆనుతుంది. పక్కన లారీ ఎయిర్ బ్రేకు బుస్సుమన్నా ఉత్తుత్తి బీప్ రావచ్చు. రోడ్డంచు రాతిముక్కలతో పక్కగోడ కోసుకుపోయినా, ఉబ్బినా, గాలి కారనంతవరకూ ఏ దీపమూ చెప్పదు. దిగి కళ్లతోనే చూడాలి.

సాయంత్రం కొత్తపట్నం సముద్రం. గట్టినేల మీదే ఆపాం. ఇసుకలో దిగక తప్పకపోతే 20కి దించి మెల్లగా పోవాలి, దీపం వెలిగితే కంగారు పడొద్దు. తారు రోడ్డెక్కే ముందే 12 వోల్టుల పంపుతో మళ్లీ 33 చేయాలి. సరుగుడు మొక్కల సన్నటి కాండాలు, పడవల తాళ్లు సెన్సారుకు దొరకవు. ఉప్పుగాలికి లోహపు వాల్వు మూతలు బిగుసుకుపోతాయి, తిప్పితే కాడతో సహా ఊడొస్తుంది. ప్లాస్టిక్ మూతలే నయం.

రాత్రి లాడ్జికొచ్చాక బంపరు తుడిచి, ఇంజను స్టార్టు చేయకుండా తాళం ఆన్ చేసి, హ్యాండ్‌బ్రేకు వేసి, రివర్సు గేరులో పెట్టి ఒక్కో సెన్సారు మీద వేలు పెట్టి చూశాను. పనిచేసేది టిక్‌టిక్‌మని అదురుతుంది. నాలుగూ అదిరాయి.

తెల్లారి 5 గంటలకు చల్లటి టైర్ల లెక్క: 33, 33, 33, మేకు గుచ్చుకున్నదానికి 32. ఒక పీఎస్ఐ కలిపి నెల్లూరు దారి పట్టాం.