సెర్వెటస్ మరణశిక్ష, మిజోరం చర్చి, విశాఖ మిషను

రెండో శనివారం కాబట్టి ఆఫీసు లేదు. టిఫిను పని, బట్టల పని అయ్యేసరికి పదిన్నర దాటింది. లాప్‌టాప్ తీసి ఇంగ్లీషు వికీపీడియాలో నా వీక్షణ జాబితా చూసుకున్నాను. పదహారో శతాబ్దంలో జెనీవాలో పనిచేసిన ప్రొటెస్టెంటు సంస్కర్త జాన్ కాల్విన్ గురించీ, ఆయన దారిలో నడిచే చర్చిల గురించీ ఉన్న వ్యాసాలను చూసుకునేది అక్కడి కాల్వినిజం ప్రాజెక్టు. అందులో నిలకడగా పనిచేసేవాళ్లం కొద్దిమందిమే. పనికి మాత్రం అంతు లేదు.

మా పని వ్యాసాలు రాయడం ఒక్కటే కాదు. క్రైస్తవానికి సంబంధించిన వ్యాసాలన్నిటికీ ఒక పెద్ద ప్రాజెక్టు ఉంది. కాథలిక్, ఆర్థడాక్స్, ఆంగ్లికన్, లూథరన్, కాల్వినిజం వంటి శాఖలవారీ బృందాలు దానితో కలిసి నడుస్తాయి. ఏ వ్యాసం ఎవరి పరిధిలోకి వస్తుందో చూసి దాని చర్చా పేజీ పైన ఆ బృందం పేరున్న బ్యానరు పెడతాం. నాణ్యత మొలక (మరీ చిన్న వ్యాసం) స్థాయిలో ఉందా, ఇంకాస్త పైకి వచ్చిందా అని ఒక రేటింగు, విషయం ప్రాముఖ్యాన్ని బట్టి ఇంకో రేటింగు వేస్తాం. చదవడానికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ పేజీ తెరవనే తెరవరు. కానీ ఎక్కడ ముందు చెయ్యి వేయాలో మాకు తెలిసేది వాటిని చూసే.

ఈరోజు పొద్దుటి పూటంతా సెర్వెటస్‌కే సరిపోయింది. జెనీవా చరిత్ర మీద ఉన్న ఒక చిన్న వ్యాసంలో, ఖాతా లేని ఎవరో ‘కాల్విన్ సెర్వెటస్‌ను సజీవంగా తగలబెట్టించాడు’ అని రాశారు. గంట తిరక్కుండా ఇంకొకరు దాన్ని తీసేసి, ఆ మరణంతో కాల్విన్‌కు ఏ సంబంధమూ లేదని పెట్టారు. రెండూ నిలబడే మాటలు కావు.

మైఖేల్ సెర్వెటస్ స్పెయిన్‌కు చెందిన వైద్యుడు, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే త్రిత్వాన్ని ఒప్పుకోని మనిషి. ఫ్రాన్సులోని వియెన్‌లో కాథలిక్ అధికారులు పట్టుకుంటే తప్పించుకున్నాడు. మనిషి దొరక్క వాళ్లు ఆయన బొమ్మను తగలబెట్టారు. 1553 ఆగస్టులో జెనీవా చేరి, ఆదివారం ఆరాధనలో కూర్చుని ఉండగా జనం గుర్తుపట్టారు, అరెస్టయ్యాడు. ఫిర్యాదుదారుగా నిలబడింది కాల్విన్ దగ్గర పనిచేసే కార్యదర్శి. ఆరోపణలు సిద్ధం చేసింది కాల్విన్. శిక్ష వేసింది మాత్రం నగర సభ. కాల్చొద్దు, తల తీయించండి అని కాల్విన్ కోరితే సభ వినలేదు. అక్టోబరు 27న షాంపెల్ దగ్గర కాల్చేశారు. 1546లోనే తోటి సంస్కర్త ఫారెల్‌కు రాసిన ఉత్తరంలో, సెర్వెటస్ ఇక్కడికి వస్తే ప్రాణాలతో పోనివ్వనని కాల్విన్ అన్న మాట కూడా ఉంది.

వీటిలో ఏ ఒక్కటి వదిలేసినా పాఠకుడికి సగం బొమ్మే కనబడుతుంది. అందుకే ఎవరు ఏం చేశారో వరసగా, ఒక్కో వాక్యానికి ఒక్కో మూలం ఇస్తూ రాశాను. విశేషణాలు ఒక్కటీ పెట్టలేదు. స్కాట్లండ్ నుంచి రాసే ఒక ప్రెస్బిటేరియన్ వాడుకరి చర్చా పేజీలోకి వచ్చారు. కాల్విన్‌ను ప్రాణంగా చూసుకునే మనిషి కదా, 1546 ఉత్తరం తీసేయమంటారేమోనని నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది. తీసేయమనలేదు. షాంపెల్‌లో 1903లో కాల్విన్ అనుచరులే నిలబెట్టిన రాయి గురించి కూడా చేర్చమన్నారు. కాల్విన్ చేసింది ఆ కాలపు తప్పని, తాము దాన్ని ఖండిస్తున్నామని దాని మీద చెక్కించారు. బాసెల్‌లో ఉన్న పండితుడు కాస్టెలియో అప్పట్లోనే ఎదురుతిరిగాడు. మనిషిని చంపడం సిద్ధాంతాన్ని కాపాడటం కాదు, మనిషిని చంపడమే అని ఆయన రాసిన మాటను నేను చేర్చాను. స్కాట్లండ్ పెద్దాయన ఒప్పుకున్నారు. తాను నమ్మే గురువు గురించి చేదు నిజాన్ని మూలంతో సహా తెచ్చి పెట్టే ఇలాంటి మనుషుల మీద నాకు చాలా గౌరవం. ఈ ప్రాజెక్టు నిలబడి ఉందంటే వాళ్ల వల్లే.

భోజనాల దగ్గర అమ్మ మళ్లీ అదే అడిగింది.

‘‘మనం లూథరన్లం కదే, కాల్విన్‌తో నీకేం పని?’’

గుంటూరులో పుట్టి పెరిగిన అమ్మకు ఆ ప్రశ్న సహజం. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన కథ వింటూ పెరిగిన తరం. ప్రభు రాత్రి భోజనంలో క్రీస్తు ఎలా ఉంటాడన్న ఒక్క విషయంలో 1529లో మార్బర్గ్‌లో లూథర్‌కూ, కాల్విన్‌కు ముందుతరం స్విస్ సంస్కర్త జ్వింగ్లీకీ కుదరలేదు. ఆ తర్వాత ఎన్నో తరాలు రెండు వైపులవాళ్లూ ఒకరి బల్ల దగ్గరికి ఒకరు వెళ్లలేదు. యూరప్‌లో ఆ దూరం ఒప్పందపూర్వకంగా తగ్గింది 1973లో, స్విట్జర్లాండ్‌లోని లాయెన్‌బర్గ్‌లో. నా చర్చి కాదు కాబట్టే వాళ్ల నమ్మకాన్ని వాళ్లు చెప్పుకున్నట్టు రాయాలన్న జాగ్రత్త నాకు ఎక్కువ. ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే ఎన్నుకున్నాడనే సిద్ధాంతం నాకు మింగుడుపడదు. కానీ 1618, 1619లలో నెదర్లాండ్స్‌లో జరిగిన డోర్ట్ సభ ఏం తీర్మానించిందో, దాన్ని నమ్మేవాళ్లకు అందులో ఏం ఊరట దొరుకుతుందో నా అభ్యంతరం కలవకుండా రాయగలను. అమ్మకు ఇదంతా చెప్పాను. ‘‘సరేలే, ముందు చారు పోసుకో’’ అంది.

మధ్యాహ్నం ప్రాముఖ్యం రేటింగుల మీద కూర్చున్నాను. ఐజాల్ నుంచి రాసే ఒకమ్మాయి వారం కిందట అడిగింది. స్కాట్లండ్‌లో ఒక చిన్న వేదాంతి పేజీకి ‘హై’ ఉంది, మిజోరంలో అన్నిటికంటే పెద్దదైన ప్రెస్బిటేరియన్ చర్చి పేజీకి ‘లో’ ఏమిటి అని. న్యాయమైన ప్రశ్న. 1841లో థామస్ జోన్స్ చిరపుంజి చేరినప్పటి నుంచి ఖాసీ కొండల్లో, తర్వాత మిజో కొండల్లో పనిచేసింది వెల్ష్ మిషను. ఆ చర్చి మూలం అదే. కాల్వినిస్టిక్ మెథడిస్టులన్నది వాళ్ల పాత పేరు. వాళ్లు మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన వెస్లీ దారివాళ్లు కారు, కాల్విన్ దారివాళ్లు. పేరు చూసి ఎవరో ఆ పేజీలను మెథడిస్టు వర్గంలో పెట్టారు, మా వైపు ఎవరూ తిరిగి చూడలేదు. అవన్నీ వెతికి బ్యానర్లు సరిచేశాను. మిజోరం చర్చి ప్రాముఖ్యాన్ని ‘హై’కి పెంచి, కారణం చర్చా పేజీలో రాశాను. జెనీవా, ఎడిన్‌బరో దాటి చూడకపోతే ఈ ప్రాజెక్టు సగం ప్రపంచాన్ని వదిలేసినట్టే. ఈ మాట నేను ఎక్కడైనా గట్టిగా చెబుతాను.

సాయంత్రం కరెంటు పోయి వచ్చాక, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ తెరిచాను. విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీ పని. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ అక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకుని సువార్తలు తెలుగు చేయడానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డే గ్రాంజెస్ 1810లో పోయారు. వాళ్లు మొదలుపెట్టిన సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ ముద్రణాలయాన్ని సహచరులతో కలిసి నడిపిన విలియం కేరీ కూడా కాల్విన్ సిద్ధాంతం నమ్మే బాప్టిస్టే. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం కూడా అక్కడే వెలువడింది.

ఈ పేజీకి కాల్వినిజం బ్యానరు పెట్టాలా వద్దా అన్నదే తగువు. 1795లో పుట్టిన సొసైటీ మరుసటి ఏడాదే ఏ ఒక్క శాఖ పద్ధతినీ మోసుకెళ్లకూడదని నియమం పెట్టుకుంది, కాబట్టి వద్దని ఒకరి వాదన. నడిపినవాళ్లలో ఎక్కువమంది, ప్రతి సంఘం తన పాలన తానే చూసుకోవాలనే కాంగ్రిగేషనలిస్టులు, వాళ్ల మూలాలు కాల్విన్ సంప్రదాయంలోనే ఉన్నాయి, కాబట్టి కావాలని ఇంకొకరు. పైగా దక్షిణాదిలో కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు 1908లో కలిశాయి, 1947లో ఆంగ్లికన్లతో, మెథడిస్టులతో కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) అయ్యాయి. ఇప్పుడు సీఎస్ఐ ప్రపంచ రిఫార్మ్‌డ్ (కాల్విన్ సంప్రదాయపు) చర్చిల కూటమిలోనూ ఉంది, ఆంగ్లికన్ కూటమిలోనూ ఉంది. అంటే ఒకే పేజీ మీద రెండు మూడు బృందాలకు హక్కు ఉంటుంది. ఉండనివ్వాలి. ఎన్ని బృందాల కళ్లు పడితే పేజీకి అంత మంచిది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి. ఆ అనువాదంలో సాయపడిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడికి మా వ్యాసంలో దక్కింది ఒకే ఒక్క వాక్యం. దొరల పుట్టిన ఊళ్లు, చదువులు, చనిపోయిన తేదీలు అన్నీ ఉన్నాయి. తెలుగు మాటలు అందించిన మనిషి గురించి ఏమీ లేదు. మిషనరీల ఉత్తరాలు ఒక్కటే చాలవు, వాటిని పరిశీలించి చరిత్రకారులు రాసింది కావాలి. చర్చా పేజీలో మూడు మాటలు రాశాను. బ్యానర్లు రెండూ ఉంచుదాం, ప్రాముఖ్యం ‘మిడ్’ చేద్దాం, ఆనందరాయర్ మీద విడిగా ఒక విభాగం తెరుద్దాం. పాత తెలుగు క్రైస్తవ పత్రికలు చదవగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే చేయి కలపమని అడిగాను. సోమవారం ఆఫీసు నుంచి వస్తూ లైబ్రరీలో ఆగి, తెలుగు బైబిలు అనువాద చరిత్ర మీద ఏమున్నాయో చూడాలి.