'బేరం' ఆట: ఆరో శనివారం నుంచి తొమ్మిదో శనివారం దాకా

ఆరో శనివారం

బధిరుల బడిలో తొమ్మిదో తరగతి పిల్లల కోసం లెక్కల ఆట చేస్తున్నాను. ఆఫీసు లేని రోజుల్లో చేసే పని కాబట్టి నత్తనడకే. పిల్లలు కూడా బ్లాకులు పేర్చి ఆటలు తయారుచేసుకోగలిగే స్క్రాచ్ 3 అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. బడిలో నెట్‌ని నమ్ముకోలేం, అందుకే నెట్ అక్కర్లేని డెస్క్‌టాప్ వెర్షన్‌ని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి ఎక్కించాను. పిల్లలు 11 మంది, పనిచేసే కంప్యూటర్లు 6.

ఆట ఇది. ఒక షాపులో 1000 రూపాయల చొక్కా మీద 30 శాతం తగ్గింపు. పక్క షాపులో ముందు 20 శాతం తగ్గిస్తారు, మిగిలినదాని మీద మళ్లీ 10 శాతం. ఎక్కడ కొనాలి? మొదటిచోట 700, రెండోచోట 720. పెద్దవాళ్లు కూడా బోల్తాపడే లెక్క.

వినపడని పిల్లల ఆట అంటే శబ్దాలు తీసేసి మెరుపులు పెడితే చాలనుకున్నా. ఒప్పుకి పచ్చ, తప్పుకి ఎరుపు, తెరంతా మెరుస్తుంది. పైన 30 సెకన్ల టైమర్. రెండూ బెడిసికొట్టాయి. ఆ క్లాసులో లైటు ఆర్పి వెలిగిస్తే "ఇటు చూడండి" అని అర్థం. ఒకడి తెర మెరవగానే పక్కవాళ్లందరూ తలలు తిప్పేశారు. టైమర్ సంగతి ఇంకా ఘోరం. మేడమ్ సైన్‌లో, అంటే సంజ్ఞా భాషలో, లెక్క వివరిస్తున్నంతసేపూ పిల్లలు ఆవిణ్ణే చూశారు, ఈలోగా తెర మీద టైమ్ అయిపోయింది. వినే పిల్లలైతే కళ్లు తెర మీద పెట్టి, చెవులు టీచర్‌కి అప్పగిస్తారు. వీళ్లకి ఆ రెండు పనులూ కళ్లే చెయ్యాలి. వరసగా మూడుసార్లు ఓడిపోయిన ఒకబ్బాయి మౌస్ వదిలేసి కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాడు. తప్పు వాడిది కాదు.

ఏడో శనివారం

టైమర్ పీకేశాను. ఇప్పుడు ఏ అడుగులోనైనా బటన్ నొక్కేదాకా ఆట కదలదు. టైమ్ బదులు చేతిలో 1500 రూపాయలు ఉంటాయి, తప్పు బేరం చేస్తే తరిగిపోతాయి. పోటీ మాత్రం ఉంచాను. పద్నాలుగేళ్ల వాళ్లకి పోటీ లేకపోతే అదేం ఆట? మెరుపు బదులు షాపు బోర్డు ఒక్కటే రంగు మారుతుంది.

అసలు చిక్కు కోడ్‌లో కాదు, గదిలో ఉంది. కంప్యూటర్లన్నీ గోడ వారనే ఉన్నాయి, అంటే కూర్చున్నవాళ్ల వీపులు టీచర్ వైపు. బల్లల్ని అర్ధచంద్రాకారంలో మధ్యకి జరిపాం. దానికి రెండు ఎక్స్‌టెన్షన్ బోర్డులు, వైర్లు కాళ్లకి తగలకుండా బోలెడంత టేపు పట్టాయి. ఈ నెలలో చేసిన అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే.

ఎనిమిదో శనివారం

ప్రశ్నల్ని సైన్‌లో రికార్డు చేశాం. స్క్రాచ్‌లోకి గిఫ్ (కదిలే బొమ్మ) ఫైలు ఎక్కిస్తే ఒక్కో ఫ్రేము ఒక్కో కాస్ట్యూమ్‌గా, అంటే ఆటలోని బొమ్మకి ఒక్కో రూపంగా, విడిపోతుంది. సెకనుకి 8 ఫ్రేముల లెక్కన 2 సెకన్ల క్లిప్‌కి 16 కాస్ట్యూములు, ఒక్కోదానికీ మధ్య 0.12 సెకన్ల వెయిట్. 40 క్లిప్పులు ఎక్కించేసరికి పాత కంప్యూటర్లు మొరాయించాయి. వెడల్పు 240 పిక్సెల్స్‌కి తగ్గించాక కుదురుకున్నాయి. వెనక ఖాళీ గోడ, ఒంటి మీద గీతలూ పూలూ లేని ముదురు రంగు చొక్కా ఉంటేనే చేతులు స్పష్టంగా కనిపిస్తాయి.

నా తెలివి చూడండి: చోటు కలిసొస్తుందని మొహం కత్తిరించి చేతులు మాత్రమే ఉంచాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. భారతీయ సంజ్ఞా భాషలో ప్రశ్న సగం మొహంలోనే ఉంటుంది. 'ఎంత' అనే సైన్ చివర వస్తుంది, దాంతోపాటే కనుబొమలూ పని చెయ్యాలి. మొహం లేకపోతే అది ప్రశ్నే కాదు. మళ్లీ అన్నీ తీశాం. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో 10,000 మాటల నిఘంటువు తెచ్చింది. కొన్ని సైన్లు అందులోంచి తీసుకుందామన్నాను గానీ, 'తగ్గింపు'కి మాత్రం తమ హాస్టల్లో వాడేదే ఉండాలని పిల్లలు పట్టుబట్టారు. సరే అన్నాను.

నాకూ ఒక సైన్ పేరు, అంటే సైన్‌లో నన్ను పిలిచే గుర్తు, పెట్టారు: కళ్లజోడు పైకి తోసుకోవడం.

తొమ్మిదో శనివారం

"షాపతను రవికి 50 రూపాయలు తిరిగి ఇచ్చాడు." ఈ వాక్యం చదివి చాలామంది రవి చేతిలోంచి 50 తీసేశారు. లెక్క వచ్చు, 'కి' దగ్గరే తడబాటు. రోజూ వాడేది సైన్, తెలుగేమో పుస్తకంలో నేర్చుకున్నది. సైన్‌లో 'ఇవ్వడం' అంటే ఇచ్చేవాడి నుంచి పుచ్చుకునేవాడి వైపు చెయ్యి కదలడమే, విభక్తి చేసే పని ఆ కదలికే చేసేస్తుంది. ఇప్పుడు ఆటలో నోటు షాపతని దగ్గర్నుంచి రవి దాకా జారుతుంది, చేరగానే వాక్యంలో 'కి' వెలుగుతుంది. అక్కడక్కడా ఇంకా తప్పులున్నాయి, కానీ ఇంతకుముందులా గుడ్డిగా నొక్కడం లేదు, నోటు ఎటు పోతోందో చూసి నొక్కుతున్నారు.

వచ్చేటప్పుడు ఒకమ్మాయి ఆపి, తను తయారుచేసిన లెక్క కాగితం చూపించింది. ముందు 50 శాతం తగ్గింపు, తర్వాత మళ్లీ 50 శాతం: చొక్కా ఊరికే వస్తుందా? ఇద్దరు మగపిల్లలు వెంటనే తలూపారు. ఆ అమ్మాయి 250 అని రాసి వాళ్ల మొహాల ముందు ఆడించింది. వచ్చే వారం మూడో షాపు తనదే. కౌంటర్‌లో కూర్చునేవాడు కళ్లజోడు పైకి తోసుకుంటూ ఉండాలట.