మా అమ్మాయికి ఇన్సూరెన్స్ వద్దట

"నేను కట్టనమ్మా. ఇక్కడ కట్టమని అడిగేవాళ్లు కూడా లేరు."

మొన్న టెక్సస్‌లోని ఆస్టిన్ నుంచి ఫోన్‌లో మా అమ్మాయి అన్న మాట ఇది. ఈ నెలాఖరుకి దానికి 26 నిండుతాయి, మావారి ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్‌లోంచి పేరు పోతుంది. అది చేసేవి ఫ్రీలాన్స్ డిజైన్ పనులు. కవరేజీ పోయాక కొత్త ప్లాన్ తీసుకోవడానికి 60 రోజులే గడువు, ఈలోపు చూసుకోమని వారం రోజులుగా పోరుతున్నాను. మేముండే న్యూజెర్సీలో అయితే ఇన్సూరెన్స్ లేకపోతే రాష్ట్రమే జరిమానా వేస్తుంది. టెక్సస్‌లో అదేమీ లేదు. 2010లో వచ్చిన ఒబామాకేర్ చట్టం ఇన్సూరెన్స్ లేనివాళ్ల మీద పెట్టిన ఫెడరల్ జరిమానా 2019 నుంచే సున్నా అయిపోయింది.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కనే ఉన్న మావారు "దాని ఇష్టం. బలవంతంగా కొనిపించడమేమిటి?" అన్నారు. 2010 నుంచీ ఆయనది అదే మాట. 2012లో సుప్రీంకోర్టు ఆ జరిమానాను పన్ను కింద లెక్కగట్టి 5-4తో నిలబెట్టిన రోజు ఆయన సరిగా అన్నం కూడా తినలేదు. అమ్మాయిది పూర్తిగా అటు కొస. ప్రభుత్వమే అందరికీ వైద్యం ఇస్తే ఎంత పన్నయినా కడతానంటుంది. "ప్రీమియం కట్టి ఆ కంపెనీలను నేనెందుకు మేపాలి?" అంటుంది. ఎన్నికలొస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకోని తండ్రీకూతుళ్లు ఈ ఒక్క విషయంలో ఒకటయ్యారు.

బయటా ఇలాగే జరిగింది. 2010 మార్చిలో ఆ చట్టం బిల్లు ప్రతినిధుల సభలో 219-212తో గట్టెక్కినప్పుడు రిపబ్లికన్లందరితోపాటు 34 మంది డెమోక్రాట్లు కూడా వద్దన్నారు. అమ్మాయి వాళ్లను తనవాళ్లనుకుంటుంది. కానీ వాళ్లలో ఎక్కువమంది రిపబ్లికన్ల బలం ఉన్నచోట గెలిచినవాళ్లు. తనలా ఆలోచించే డెమోక్రాట్ సభ్యుడు డెనిస్ కుసినిచ్ మొదట వద్దని, చివరికి అవునని ఓటేశాడు. ఇక మావారికి నచ్చని సంగతి: ఇన్సూరెన్స్ తప్పనిసరి చెయ్యాలని 1989లో చెప్పింది కన్సర్వేటివ్ సంస్థ హెరిటేజ్ ఫౌండేషనే. 2006లో మసాచుసెట్స్‌లో ఆ చట్టం మీద సంతకం పెట్టింది రిపబ్లికన్ గవర్నర్ మిట్ రామ్నీ. 2008లో అది వద్దని హిల్లరీతో వాదించింది ఒబామా.

ఇన్ని తెలిసిన నేనూ నిలకడగా లేను. ఖరీదైన ఆఫీసు ప్లాన్ల మీద 40 శాతం పన్ను కూడా ఈ చట్టంలోదే. యూనియన్లూ కంపెనీలూ కలిసి వద్దంటే 2019లో ప్రతినిధుల సభ 419-6తో దాన్ని తీసెయ్యమంది. ఆ ఏడాదే అది పోయింది. మాదీ అలాంటి ప్లానే. అమ్మయ్య అనుకున్నాను. అందరూ తలో చెయ్యి వెయ్యాలని వాదించేదాన్ని, నా వంతు వచ్చేసరికి అలా అనుకున్నాను.

నా పట్టుదలకు కారణం మా నాన్న. 2004లో ఆయన గుండె ఆపరేషన్‌కి రెండెకరాలు అమ్మాం. మూడేళ్ల తర్వాత ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆ పొలం గట్టున ఇప్పటికీ నడవలేను. ఇదే చెప్తే అమ్మాయి "నేనడిగేదీ అదే కదమ్మా, అక్కడ ప్రభుత్వమే కట్టింది, జనం చేత ప్రీమియం కట్టించలేదు" అంది. జవాబు దొరకలేదు.

కాసేపాగి అది అడిగింది: "నాకు చెవి నొప్పి వచ్చినప్పుడు మీరేం చేశారు?"

2011 చలికాలం. మావారి ప్రాజెక్టు పోయి నాలుగు నెలలు ఇన్సూరెన్స్ లేకుండా ఉన్నాం. పాత ఆఫీసు ప్లాన్‌నే సొంత డబ్బుతో కొనసాగించుకునే కోబ్రా కడదామంటే ఇంటి అద్దెకంటే ఎక్కువ. తప్పనిసరి నిబంధన ఇంకా మొదలవలేదు, అది 2014లో వచ్చింది. అప్పటికి అమ్మాయికి పదకొండేళ్లు. మూడు రాత్రులు చెవి పట్టుకుని ఏడిస్తే, వాము గుడ్డలో మూటగట్టి పెనం మీద వేడిచేసి కాపడం పెట్టాను. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్ర సగానికి విరిచి వేశాను. నాలుగోనాడు పొద్దున దిండు మీద పచ్చగా, కాస్త నెత్తురు కలిసిన మరక. అప్పుడు పరిగెత్తాను అర్జెంట్ కేర్‌కి. డబ్బు చూసుకుని ఆగానని దానికెప్పుడూ చెప్పలేదు. చిన్నపిల్ల, ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. కౌంటర్ దగ్గర ఇన్సూరెన్స్ కార్డు అడిగితే నేను పర్సులో వెతుకుతున్నట్టు నటించానట. దానికి అంతా గుర్తుంది.

26 దగ్గరపడుతున్న పిల్లలుంటే ఆరు నెలల ముందే మాట్లాడుకోండని చెప్దామని ఇది మొదలుపెట్టాను. కానీ నేను మాట్లాడుతున్నది దాని ఆరోగ్యం గురించో, ఆ దిండు గురించో నాకే తేలడం లేదు.

నిన్న రాత్రి దాని పేరు మీద ప్లాన్లు చూస్తూ కూర్చున్నాను. పేరు, పుట్టినతేదీ, జిప్ కోడ్ నింపాను. ఏడాదికి ఆదాయమెంత అని అడిగినచోట ఆగిపోయాను. అదెంత సంపాదిస్తుందో నాకు తెలియదు. అడిగితే చెప్తుందో లేదో కూడా తెలియదు.