రేటెంతిస్తున్నారు?

ఆదివారం. బట్టలు ఉతకడం, మార్కెట్ పని అయ్యాక, భోజనం చేసి ‘వైట్ బిల్డింగ్’ సినిమా పెట్టుకున్నాను. 2021లో వచ్చిన కంబోడియా సినిమా. దర్శకుడు కవిచ్ నియాంగ్ పెరిగింది ఆ పేరున్న భవనంలోనే.

మొదట్లోనే కెమెరా ఆకాశంలోంచి డాబా మీదుగా మెల్లగా జరుగుతూ పోతుంది. మరకలు, అతుకులు, పాచి పట్టిన కప్పు. ఎంతకీ అయిపోదు! 1963లో కంబోడియా రాజధాని నాంపెన్‌లో కట్టిన 468 ఫ్లాట్లు. 1975లో అధికారం చేజిక్కించుకున్న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం ఊరు మొత్తాన్ని ఖాళీ చేయించింది. 1979లో ఆ పాలన పోయాక, ప్రాణాలతో మిగిలిన నాట్య కళాకారులు, సంగీతం వాళ్ళు, శిల్పులు ఎందరో ఇక్కడ కాపురాలు పెట్టారు.

సినిమాలో సామ్నాంగ్ అనే కుర్రాడికి డాన్స్ పిచ్చి. వాళ్ళ నాన్న శిల్పి, భవనంలో పెద్దమనిషి. కూల్చేస్తామని కబురొచ్చాక అందరినీ కూర్చోబెట్టి మాట్లాడతాడు. చదరపు మీటరుకి ఎంతన్నదే గొడవ. కొందరు ఇచ్చింది తీసుకుని పోదామంటారు, కొందరు ససేమిరా అంటారు. సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు చూసి, “రేటెంతిస్తున్నారే వాళ్ళకి?” అంది. ఆ ప్రశ్నలో తప్పేం లేదు. ఆ డబ్బుతో అదే ఊళ్ళో మళ్ళీ ఇల్లు దొరకాలి కదా.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ నాన్నే. షుగర్ వల్ల కాలివేలు నల్లబడుతున్నా ఆయన ఆసుపత్రికి కదలడు. ఇరుగుపొరుగుని ఒక మాట మీదకి తేవాలని పాకులాడుతుంటాడు. ఎవరూ ఆయన మాట పూర్తిగా వినరు. అయినా అలా ఒకరి మీద ఒకరు అరుచుకోవాలన్నా ఏళ్ళ తరబడి ఒకే మెట్లెక్కిన చనువు ఉండాలి. డబ్బు చేతికొచ్చి తలోదిక్కూ పోయాక మీటింగ్ పెట్టడానికి ఎవరుంటారు? లెక్క కట్టేటప్పుడు దీన్ని ఏ చదరపు మీటరులోనూ కలపరు. నాకు చాలా కోపం వచ్చింది.

నిజం భవనాన్ని 2017లో కూల్చేశారు. ఈ సినిమా తీసే ప్రయత్నంలో ఉండగానే ఖాళీ చేయమన్నారట. దాంతో నియాంగ్ ముందు కెమెరా పట్టుకుని, సామాన్లు సర్దుకుంటున్న తన వాళ్ళనే చిత్రీకరించాడు. ఆ డాక్యుమెంటరీ 2019లో వచ్చింది. తర్వాతే ఈ సినిమా పూర్తిచేశాడు. మంచి పని చేశాడు.

అమ్మ చివరిదాకా లేవలేదు. “ఆయన కాలు ముందే చూపించుకోవాల్సింది” అని రాత్రి అన్నం దగ్గర కూడా అంటూనే ఉంది. డాక్యుమెంటరీ కూడా ఇద్దరం కలిసే చూస్తాం.