మనవాడని వదల్లేదు

ఆ మీటింగుకి వెళ్ళేటప్పుడు మెచ్చుకుంటారనే అనుకున్నాను.

డబ్లిన్‌లో నాది కమ్యూనిటీ మోడరేషన్ ఉద్యోగం. ఒక ఆన్‌లైన్ ఆట ఆడేవాళ్ళ గ్రూపుల్లో ఎవరు హద్దు దాటారో చూసి వార్నింగ్ ఇవ్వాలి, మ్యూట్ చేయాలి, మరీ మితిమీరితే బ్యాన్ చేయాలి. తెలుగు గ్రూపులన్నీ నావే, ఇంగ్లీషువి కూడా కొన్ని ఉన్నాయి. రెండు వారాలకోసారి మా క్వాలిటీ లీడ్ మా నిర్ణయాల్లోంచి కొన్ని బయటికి తీసి, ఇలా ఎందుకు చేశావని అడుగుతుంది. ఆవిడది పోలండ్. తెలుగు ఒక్క ముక్క రాదు.

ఆ రోజు రెండు మ్యూట్లు పక్కపక్కన పెట్టింది. ఇద్దరు మనుషులు, ఒకటే గొడవ, ఒకటే తిట్టు. ఇద్దరికీ అదే మొదటి తప్పు. కొత్తగా చేరినవాడికి ఒక రోజు మ్యూట్, నాలుగేళ్ళుగా ఉన్న పెద్దాయనకి ఏడు రోజులు. తేడా ఎందుకని అడిగింది.

చెప్పాను. ఆ పెద్దాయనా నేనూ బాగా మాట్లాడుకుంటామని గ్రూపులో అందరికీ తెలుసు. నెల క్రితమే ఒకతను "అడ్మిన్ గారి మనుషులకి రూల్స్ ఉండవు" అని రాస్తే నలభై మంది లైక్ కొట్టారు. అందుకే ఈసారి మనవాడని వదల్లేదు, గట్టిగానే వేశాను.

"అంటే ఒక రోజు తిట్టుకి, మిగతా ఆరు రోజులు నీ పేరుకి" అంది. తర్వాతి కేసుకి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చాక కూడా ఆ ఆరు రోజులే బుర్రలో తిరిగాయి. మొదట కోపం వచ్చింది. భాష రాని మనిషి పక్షపాతం గురించి నాకు చెప్పడమేమిటి? మొహమాటం అన్న మాట ఆవిడకి ఎలా విప్పి చెప్పాలి? తెలిసినవాడిని ఏమీ అనలేకపోవడం ఒక రకం మొహమాటం. నలుగురూ ఏమనుకుంటారోనని తెలిసినవాడినే ముందు కొట్టడం ఇంకో రకం. టీచరు కొడుకు అదే క్లాసులో చదివితే దెబ్బలు ఎవరికి ఎక్కువ పడతాయో మనకి వేరే చెప్పక్కర్లేదు. దాన్ని మనం న్యాయం అనుకుంటూ పెరిగాం. పైగా ఆ టీచరుకి మంచి పేరు కూడా వస్తుంది.

నా తరఫున నేను చెప్పుకోవాల్సింది కూడా కొంత ఉంది. బయటి నుంచి చూసేవాళ్ళకి మా పనిలో సగమే కనిపిస్తుంది. ఇద్దరు తిట్టుకుంటే ఒకడు బ్యాన్ అయ్యాడు, ఇంకొకడు అక్కడే తిరుగుతున్నాడు. చూసేవాళ్ళకి అది పక్షపాతమే. మొదటివాడికి అంతకుముందు చాటుగా రెండు వార్నింగులు వెళ్ళాయని వాళ్ళకి తెలియదు. నేను చెప్పకూడదు, అది అతని సొంత విషయం. ఇంకోటి, ఎక్కువమంది రిపోర్ట్ కొట్టిన పోస్టు మా క్యూలో పైకి వస్తుంది. ఎవరూ కొట్టనిది వారాల తరబడి అలాగే పడి ఉంటుంది. "నాది తీశారు, వాడిది ఎందుకు ఉంచారు?" అని అడిగితే, నేను చూడలేదన్నదే నిజమైన జవాబు. దాన్ని నమ్మినవాడు ఇంతవరకూ ఒక్కడూ తగల్లేదు.

అలాగని జనం అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఫేస్‌బుక్‌లో క్రాస్‌చెక్ అనే ఏర్పాటు ఒకటుందని 2021 సెప్టెంబరులో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. సినిమావాళ్ళు, నాయకులు, ఆటగాళ్ళ లాంటివాళ్ళ పోస్టులకి మామూలు జనానికి లేని వేరే దారి. 2020 నాటికే అందులో కనీసం 58 లక్షల మంది ఉన్నారట. ఆ కంపెనీ ఏర్పాటు చేసిన ఓవర్‌సైట్ బోర్డే 2022 డిసెంబరులో, ఇది వ్యాపార అవసరాలకి తగ్గట్టు కట్టుకున్నట్టుందని తప్పుపట్టింది. అంత పెద్దచోటే అలా ఉన్నాక, మా చిన్న గ్రూపులో నలభై లైకులు రావడంలో వింతేముంది?

యూరప్‌లో డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. పోస్టు తీసినా, అకౌంటు ఆపినా కారణం రాసి ఇవ్వాలి. అప్పీలు చేస్తే దాన్ని మెషీన్ ఒక్కటే తేల్చేయకూడదు. మంచి చట్టమే. కానీ ఆ కారణం అందేది దెబ్బ తిన్నవాడికి. పక్కన నిలబడి చూస్తున్న నలభై మందికి కాదు. నేను భయపడింది ఆ నలభై మందికి.

పెద్దాయన మ్యూట్‌కి కారణం నేను రాసిందే మళ్ళీ తీసి చూశాను. "వ్యక్తిగత దూషణ" అని ఉంది. అబద్ధం కాదు. అదే రెండు మాటలు కొత్తవాడి కాగితంలో కూడా ఉన్నాయి. ఏడుకీ ఒకటికీ మధ్య ఉన్నదాన్ని ఎక్కడా రాయలేదు, రాయలేను కూడా.

మర్నాడు నేనే అడిగి ఏడు రోజుల్ని ఒకటికి తగ్గించాను. అప్పటికే నాలుగు గడిచిపోయాయి. "పర్లేదండీ, మీ ఇబ్బంది నాకు తెలుసు" అని రాశాడాయన. తిట్టినా బాగుండేది.

తెలిసినవాళ్ళ కేసు వస్తే ఇకపై పక్కవాళ్ళకి ఇచ్చెయ్యమంది లీడ్. స్క్రీన్ మీద దానికో బటన్ ఉంది. రెండేళ్ళలో ఒక్కసారీ నొక్కలేదు. మనదగ్గర "నువ్వు దీంట్లోంచి తప్పుకో" అంటే చెంప మీద కొట్టినట్టే కదా. ఇక్కడ అది రోజువారీ పని. ఇంగ్లీషు వికీపీడియాలో కూడా తాము తలదూర్చిన గొడవలో నిర్వాహకులు తమ అధికారం వాడకూడదని నియమం ఉంది. ఎవరు చూసినా అలాగే చేస్తారనిపించే సందర్భాలకే మినహాయింపు. చదివినప్పుడు ఇంత చిన్న విషయానికి నియమం ఎందుకు అనుకున్నాను.

కానీ పక్కవాళ్ళకి ఇస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. నా కేసులు వెళ్ళేది తెలుగు రాని సహోద్యోగికి. అతను అనువాదం పెట్టుకుని చూస్తాడు. "మీరు చెప్తే వినాలా", "నువ్వు చెప్తే వినాలా" రెండూ అతనికి ఒకేలా కనిపిస్తాయి. ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు "ఒరేయ్" అన్నదీ, నిన్నగాక మొన్న వచ్చినవాడు "ఒరేయ్" అన్నదీ ఒకటే. అతనికి ఎవరి మీదా ప్రేమ లేదు, కోపం లేదు. మాట మాత్రం సగమే వినిపిస్తుంది. ఏది మేలో నాకింకా తేలలేదు. మా లీడ్‌కి తేలినట్టే ఉంది.

పోయిన వారం పెద్దాయన పేరు మళ్ళీ క్యూలోకి వచ్చింది. ఎవరినో "నువ్వెంత, నీ ఆటెంత" అన్నాడని రిపోర్ట్. బటన్ నొక్కాను. ఇచ్చేసిన కేసు మళ్ళీ తెరవకూడదు. గంటాగి తెరిచాను. సహోద్యోగి వార్నింగ్ ఇచ్చాడు. నేనైనా అదే ఇచ్చేవాడిని.

తెరిచినట్టు సిస్టమ్‌లో పడే ఉంటుంది. వచ్చే మీటింగులో ఆవిడ అడుగుతుంది.