మైనస్ 1 నుంచి కదిలిన గీత

రాత్రి పదకొండున్నరకి నా కంప్యూటర్ మోడల్ గ్రాఫులో గీత కదిలింది! మైనస్ 1 దగ్గర బల్లపరుపుగా పడి ఉన్నది కాస్తా, చివర్లో మెల్లగా తలెత్తి మైనస్ 0.9 దాకా వచ్చింది. విశ్వ విస్తరణ వేగాన్ని పెంచే డార్క్ ఎనర్జీ పీడనానికీ, దాని శక్తి సాంద్రతకీ ఉన్న నిష్పత్తి అది.

నా మోడల్లో డార్క్ ఎనర్జీ ఒక స్కేలార్ ఫీల్డ్. అంటే విశ్వంలో ప్రతి చోటా ఒక్క అంకె, వాతావరణ మ్యాపులో ఉష్ణోగ్రతలాగా. మొదట్లో విస్తరణ రేటు ఎక్కువ. ఆ విస్తరణే రాపిడిలా పట్టేసి ఫీల్డుని కదలనివ్వదు. రేటు తగ్గేకొద్దీ పట్టు సడలి, అది పొటెన్షియల్ (ఫీల్డు విలువని బట్టి మారే దాని శక్తి) వాలు మీద జారడం మొదలుపెడుతుంది. నెమ్మదిగా జారినంతకాలం గెలాక్సీలు అంతకంతకూ వేగంగా దూరమవుతాయి.

భారత్ రత్రా, పీబుల్స్ అనే భౌతిక శాస్త్రవేత్తలు ఇలాంటి ఫీల్డు గురించి 1988లోనే రాశారు. సూపర్నోవాలు (పేలే నక్షత్రాలు) విశ్వ విస్తరణలోని త్వరణాన్ని పట్టిచ్చింది 1998లో. పదేళ్ల ముందే! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

డార్క్ ఎనర్జీ ఐన్‌స్టైన్ చెప్పిన, ఎప్పటికీ మారని స్థిరాంకమే అయితే గీత ఎప్పటికీ మైనస్ 1 మీదే ఉండాలి. కదులుతోందేమోనని గెలాక్సీల మ్యాపు గీసే డెసీ సర్వే 2024, 2025 ఫలితాలు సూచించాయి. సూచనే, రుజువు కాదు. పైగా వాటి ప్రకారం గతంలో అది మైనస్ 1 కిందికీ వెళ్లి ఉండొచ్చు. నాది మామూలు ఫీల్డు, అంత కిందికి దిగలేదు.

రేపు వాలు మార్చి మళ్లీ నడుపుతా. నిద్ర మాత్రం రావట్లేదు.