పక్కింటివాళ్లతో డిష్ షేరింగ్, మా పిల్లల తెలుగు

ఊరుగాని ఊళ్లో పెరిగే మన పిల్లలకి తెలుగు రావాలంటే ఇంట్లో తెలుగు ఛానల్స్ పెట్టించుకోండి, అదే వచ్చేస్తుంది అని కనిపించిన ప్రతివాళ్లూ చెప్తారు. నేనైతే ఒప్పుకోను. మా ఇంట్లో తెలుగు ఛానల్స్ పొద్దుటినుంచీ మోగుతూనే ఉండేవి, పిల్లలిద్దరూ దాని ముందే కూర్చుని హోంవర్క్ చేసుకునేవాళ్లు, కానీ వాళ్ల చెవులకి అది ఫ్యాన్ చప్పుడుతో సమానం. ఏదైనా అడిగితే జవాబు మాత్రం స్కూల్ భాషలోనే. మా పెద్దది నోరు తెరిచి తెలుగులో అడగడం మొదలెట్టింది ఎప్పుడంటే పక్కింటివాళ్లతో డిష్ పంచుకున్నాక. ఆ పక్కింటివాళ్లకి తెలుగు ఒక్క ముక్క రాదు, అదీ విచిత్రం.

ఉండేది అద్దె అపార్ట్‌మెంట్. గోడకి ఒకటే డిష్ బిగించుకోండి, ఆ పైన ఇంకోటి కనపడితే పీకిస్తాను అని ఓనర్ గట్టిగా చెప్పేశాడు. మాకు మన ఛానల్స్ కావాలి, వాళ్లకి వాళ్ల ఛానల్స్ కావాలి. వాళ్లది వేరే దేశం, వేరే భాష, ఏదన్నది ఇక్కడ అనవసరం లెండి, మనలాగే పిల్లల్ని పెట్టుకుని పొట్టకూటికి వచ్చినవాళ్లు. వాళ్ల ఛానల్స్ వచ్చే శాటిలైట్ కూడా వేరే. అదృష్టం ఏంటంటే ఆ రెండు శాటిలైట్లు ఆకాశంలో పక్కపక్కనే ఉన్నాయి, ఆరు డిగ్రీల తేడా అంతే. ఈ టీవీ శాటిలైట్లన్నీ భూమధ్యరేఖ పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో వరసగా ఉంటాయి, భూమి తిరిగే వేగంతోనే అవీ తిరుగుతాయి కాబట్టి మనకి ఒకేచోట కదలకుండా ఉన్నట్టు అనిపిస్తాయి, అందుకే డిష్‌ని ఒకసారి బిగిస్తే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. దగ్గరదగ్గరగా ఉన్న రెండు శాటిలైట్లకి ఒకే డిష్ సరిపోతుంది, ముందు ఉండే ఎల్‌ఎన్‌బీ (సిగ్నల్‌ని పట్టుకునే చిన్న డబ్బా) ఒకటి కాకుండా రెండు పెడతారు. డిష్‌కి తగిలిన సిగ్నల్ అద్దంలోలాగా తిరగబడుతుంది కాబట్టి తూర్పు శాటిలైట్ ఎల్‌ఎన్‌బీ పడమర పక్కన కూర్చుంటుంది, ఇది తెలిసిన రోజు మా చిన్నాడు బాల్కనీలోంచి లోపలికి రానన్నాడు.

బిగించిన కుర్రాడు ఏం చేశాడంటే, ఖర్చు తగ్గిద్దామని కాబోలు, రెండు ఎల్‌ఎన్‌బీల్నీ ఒక డైసెక్ స్విచ్‌కి (రెండు శాటిలైట్లలో ఏది కావాలంటే అది కలిపేది) కలిపి, అక్కణ్నుంచి ఒకటే వైరు దించి, దాన్ని స్ప్లిటర్‌తో రెండు ఇళ్లకీ చీల్చాడు. టెస్ట్ చేసినప్పుడు రెండిళ్లలోనూ బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. సాయంత్రం అయ్యేసరికి తెలిసింది అసలు సంగతి. వాళ్లు ఛానల్ మారిస్తే మా బొమ్మ పోతుంది, మేం మారిస్తే వాళ్లది పోతుంది!

ఎందుకంటే ఆ వైరులో బొమ్మ కిందకి రావడమే కాదు, మన బాక్స్ నుంచి పైకి ఆర్డర్లు కూడా వెళ్తాయి. 13 వోల్టులు పంపిస్తే నిలువు తరంగాల ఛానల్స్ ఇయ్యమని, 18 పంపిస్తే అడ్డం తరంగాలవి ఇయ్యమని. దాంతోపాటు ఏ శాటిలైట్ కావాలో చెప్పే కమాండ్ ఒకటి. ఒకే వైరు మీద రెండు బాక్సులు చెరో ఆర్డర్ పంపిస్తే పైన ఉన్న స్విచ్ ఎవరి మాట వింటుంది? పిల్లలకి ఇద్దరు పెద్దవాళ్లు రెండు రకాలుగా చెప్తే ఏమవుతుందో అదే.

బాగుచేయడానికి ఆ కుర్రాడు ఇదిగో వస్తా అదిగో వస్తా అంటూ వారాలు లాగాడు. ఈలోపల రెండిళ్ల మధ్య గోడ కొట్టుకోవడాలు, కారిడార్‌లోకి వచ్చి అరుచుకోవడాలు అన్నీ అయ్యాయి. చివరికి పిల్లలే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎలాగూ ఒకసారికి ఒక శాటిలైటే వస్తుంది కదా, అలాంటప్పుడు రెండిళ్లలో రెండు టీవీలు ఎందుకు, అందరం ఒక ఇంట్లో కూర్చుంటే పోలా అని. సాయంత్రం మొదటి గంట మన ఛానల్స్, మా ఇంట్లో. తర్వాత గంట వాళ్లవి, వాళ్లింట్లో.

పక్కింటి అబ్బాయిది మా పెద్దదాని వయసే. వాడు మన సీరియల్ చూస్తూ ఊరికే ఉండడు. ఆవిడ ఎందుకు ఏడుస్తోంది, ఆ పెద్దాయన వస్తే అందరూ ఎందుకు లేచి నిలబడ్డారు, ఆ నిజమేదో చెప్పేస్తే గొడవ అయిపోతుంది కదా ఎందుకు చెప్పట్లేదు. (చివరి ప్రశ్నకి నా దగ్గరా జవాబు లేదు, చెప్పేస్తే సీరియల్ ఎలా నడుస్తుంది నాయనా.) మా పెద్దదానికి ఇవేవీ తెలీవు, కానీ ఇది మా భాష, నాకు తెలీదు అని వాడి ముందు ఒప్పుకోవాలంటే నామోషీ. వంటింట్లోకి పరిగెత్తుకొచ్చేది. "అమ్మా, ఆయన 'నీ ముఖం నాకు చూపించకు' అన్నాడు, ఎందుకన్నాడు?" అని ఆ డైలాగ్‌ని ఉన్నదున్నట్టు, ఆ కోపంతో సహా అప్పజెప్పేది. నేను చెప్పేదాన్ని, మళ్లీ వెళ్లి వాడికి స్కూల్ భాషలో చెప్పేది, వాడు ఇంకో మెలిక పెట్టేవాడు, మళ్లీ వంటింట్లోకి. నేను ఎన్నిసార్లు బతిమాలినా తెలుగులో నోరు విప్పని పిల్ల, ఎవడో పరాయి పిల్లాడికి కథ చెప్పాలని నాతో తెలుగులో వాదన వేసుకునేది, అలా కాదు నువ్వు సరిగ్గా వినలేదు, ఆయన అన్నది ఇదీ అని.

దీని వెనక సైన్స్ కూడా ఉందట. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన పాట్రీషియా కుల్ అనే ఆవిడ బృందం 2003లో ఒక పరిశోధన అచ్చువేసింది. ఇంగ్లీషు ఇళ్లలో పెరుగుతున్న తొమ్మిది నెలల పిల్లలకి చైనా మాండరిన్ వినిపించారు, 12 సార్లు. కొంతమందికి ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడారు, కొంతమందికి అదే మనుషుల్ని టీవీలో చూపించారు. మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాష శబ్దాల్ని పట్టుకున్నారు, టీవీలో చూసినవాళ్లకి ఏమీ అంటలేదు. అవి చంటిపిల్లల సంగతులు, స్కూల్‌కి వెళ్లే పిల్లలకి అచ్చం అలాగే అని నేను అననుగానీ మా ఇంట్లో ఫ్యాన్ చప్పుడు తెలుగు ఎందుకు ఎక్కలేదో నాకు మాత్రం అర్థమైంది. టీవీ మాట్లాడుతుంది, అంతే. మనం చెప్పేది వినదు.

మధ్యలో ఒకరోజు మా చిన్నాడు విసుక్కున్నాడు, ఒక టీవీని ఇంతమంది చూడ్డం ఏంటి, ఎవరైనా ఇలా చూస్తారా అని. అప్పుడు మా ఆయన వాడికి సైట్ (SITE) అని, శాటిలైట్ ద్వారా పల్లెలకి టీవీ చూపించిన ప్రయోగం గురించి చెప్పారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, నాసా వాళ్ల ఏటీఎస్-6 శాటిలైట్ వాడుకుని ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చూపించింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఉంది, తెలుగు ప్రోగ్రాములూ ఉన్నాయి. కోళ్ల గూళ్లకి కొట్టే వల లాంటి తీగతో చేసిన పది అడుగుల గొడుగు లాంటి డిష్, ఊరికి ఒకటే సెట్, పొద్దున బడిపిల్లలకి, సాయంత్రం ఊళ్లోవాళ్లందరికీ. మావాడికి ఊరంతటికీ ఒకటే రిమోట్ అన్నది ఎంతకీ మింగుడుపడలేదు, ఎవరి దగ్గర ఉండేది అని రెండ్రోజులు అడిగాడు. రిమోట్ లేదురా అంటే ఇంకా ఘోరం.

తర్వాత ఆ కుర్రాడు ఎట్టకేలకి వచ్చి మామూలు ఎల్‌ఎన్‌బీలు తీసేసి ట్విన్‌వి పెట్టాడు, రెండు అవుట్‌పుట్‌లు ఉండేవి, ఒక్కో ఇంటికి విడి స్విచ్, విడి వైరు. ఇప్పుడు ఎవరి బాక్స్ వాళ్లిష్టం. నాకు లోపల దిగులు పట్టుకుంది, ఇక ఎవరి తలుపులు వాళ్లు వేసుకుంటారేమో అని. కొంత అలాగే అయ్యింది కూడా, ఇదివరకటిలా రోజూ కూర్చోవట్లేదు. కానీ అలవాటైన సీరియల్‌కి పక్కింటి అబ్బాయి ఠంచనుగా వస్తాడు, మావాళ్లు వాళ్ల కార్టూన్ ఒకటి వదలరు. పక్కింటి ఆంటీ మా చిన్నాడితో మా భాషలో నీ ఉచ్చారణ మావాడికన్నా నయం అందట, అప్పట్నుంచి వీణ్ని పట్టలేకపోతున్నాం. నిజం చెప్పాలంటే నాకు కాస్త కుళ్లు కూడా, అక్కడ ఒక్క మెచ్చుకోలుకి వచ్చేసినంత సులువుగా ఇక్కడ రాలేదే అని.

సన్ ఔటేజ్ అని ఒకటుంటుంది, మార్చి, సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతాల్లో కొన్ని రోజులపాటు సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వచ్చి కాసేపు సిగ్నల్‌ని ముంచేస్తాడు. మాది తూర్పు శాటిలైట్ కాబట్టి ముందు మా ఛానల్స్ పోతాయి, డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన దాదాపు 24 నిమిషాలకి వాళ్లవి పోతాయి. నలుగురు పిల్లలూ గడియారం పట్టుకుని కూర్చుని లెక్క సరిపోయిందని కేకలు. ఆ కేకలు మూడు భాషల్లో.

ఇంకో తలనొప్పి కార్డు. డిష్ షేర్ చేసుకున్నాం కదా, మనం డబ్బులు కట్టిన ఛానల్స్‌ని తెరిచే, బాక్స్‌లో పెట్టే కార్డు కూడా నెట్‌లో షేర్ చేసుకోవచ్చట కదా అని స్కూల్లో ఎవరో చెప్పారట, మా పెద్దది అడిగింది. డిష్ మనం కొన్న వస్తువు, పట్టుకునే తరంగాలు అందరి నెత్తిమీదా పడుతున్నవే, కానీ కార్డు ఒక ఇంటికి ఇచ్చిన తాళంచెవి, దాన్ని పది ఇళ్లకి పంచితే దొంగతనమే అని చెప్పాం. మరి అంకుల్ వాళ్లు మనింటికొచ్చి చూస్తే అంది. అది చుట్టాలు రావడం లాంటిది అన్నాను, వెంటనే ఇంకేం అడుగుతుందో అని అక్కణ్నుంచి లేచొచ్చేశాను.

మీలో ఎవరైనా ఇలా షేర్ చేసుకుందామనుకుంటే ముందే మాట్లాడుకోవాల్సినవి ఉన్నాయి. ఓనర్ పర్మిషన్ కాగితం మీద తీసుకోండి. స్ప్లిటర్ వద్దు, ట్విన్ కానీ క్వాడ్ (నాలుగు అవుట్‌పుట్‌లది) కానీ అడగండి. ఎవరి వైరు ఏదో రెండు చివర్లా రంగు టేపు చుట్టండి, లేకపోతే గాలివానకి కదిలినప్పుడు ఎవరిది తెగిందో తెలీక పాపం ఎప్పుడూ పక్కవాళ్లని అనుకుంటాం. డిష్‌కి ఎర్తింగ్ చేయించడం మర్చిపోవద్దు. ఇల్లు ఖాళీ చేస్తే డిష్ ఎవరిదో కూడా తేల్చుకోండి, మేం మాత్రం తేల్చుకోలేదు, ఎవరు ముందు వెళ్తే వాళ్లు వదిలేసి వెళ్లాలని పిల్లలు వాళ్లలో వాళ్లే రూల్ పెట్టేసుకున్నారు, మమ్మల్నెవరూ అడగలేదు.